గుంటూరు నేలలో చక్కెర దుంప: కొద్దిమంది రైతులు కలిసి ప్రయోగ సాగు చేసే విధానం

చక్కెర దుంప మాట ఎత్తగానే మన రైతులు ముందుగా అడిగేది, ఈ చలిదేశపు పంట మన ఎండకు నిలుస్తుందా అని. నిలుస్తుంది. ఉష్ణమండలానికి పనికివచ్చే రకాలు వచ్చి చాలాకాలమైంది, మహారాష్ట్రలోనూ తమిళనాడులోనూ వాటిని పొలాల్లో పండించి చూశారు, తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం సాగు పద్ధతులను కూడా సిఫారసు చేసింది. గుంటూరు పరిసరాల్లో అక్టోబరు చివర నుంచి మార్చి వరకు ఉండే వాతావరణం ఆ సిఫారసులకు అంత దూరమైనదేమీ కాదు. అసలు ప్రశ్న వేరే ఉంది. తవ్విన దుంప రెండు రోజుల్లో ఎక్కడికి చేరాలి, ఎవరు కొనాలి, ఏ లెక్కన కొనాలి అన్నవి తేలకుండా విత్తనం కొన్న సంఘం మార్చి నెలలో పొలం గట్టున దుంపల కుప్ప ముందు నిలబడి దిక్కులు చూడవలసి వస్తుంది. అందుకే ఈ ప్రయోగాన్ని కోత నుంచి మొదలుపెట్టి వెనక్కు లెక్కవేసుకుంటూ విత్తనం దాకా రావాలి. ఇక్కడ కూడా అదే వరుస పాటిస్తున్నాను.

కొనేవారెవరో ముందు తేల్చుకోవడం

చెరకు ఆడే మిల్లు చక్కెర దుంపను ఆడలేదు. చెరకును రోలర్ల మధ్య పిండి రసం తీస్తారు. దుంపను సన్నని చీలికలుగా కోసి, సుమారు 70 డిగ్రీల వేడినీటిలో నానబెట్టి, చక్కెర నీటిలోకి దిగేలా చేస్తారు. దీనికి కోత యంత్రాలూ డిఫ్యూజర్లూ వేరే కావాలి. పైగా చెరకు మిల్లుకు పిప్పే వంటచెరకు, అది కాల్చి ఆవిరి, కరెంటు పుట్టించుకుంటుంది. దుంప పిప్పిలో మండే పీచు లేదు, అది పశువుల మేతకే పనికివస్తుంది, కాబట్టి ఇంధనం బయట కొనాలి. ఉయ్యూరు మిల్లు దగ్గరే ఉంది కదా, చెరకు సీజను ముగిశాక దుంపలు తోలితే సరిపోతుందని అనుకునేవారు ఈ సంగతి గమనించాలి. రాజస్థాన్‌లోని శ్రీగంగానగర్ మిల్లు 1970లలో దుంపను కూడా ఆడగలిగిందంటే, అందుకు ప్రత్యేకమైన యంత్రాలు అమర్చుకున్నందువల్లనే.

మిగిలిన దారులు రెండు. ఒకటి ఇథనాల్. 2018 జాతీయ జీవ ఇంధన విధానం ఇథనాల్ తయారీకి వాడదగిన ముడి పదార్థాల్లో చక్కెర దుంపను పేరు పెట్టి చేర్చింది. అయితే విధానంలో పేరు ఉండడం వేరు, మనకు లారీ దూరంలో దుంపను తీసుకోగల డిస్టిలరీ ఉండడం వేరు. డిస్టిలరీ యాజమాన్యంతో మాట్లాడేటప్పుడు కొంటారా అని మాత్రమే అడిగితే చాలదు. దుంపను కడిగి చీల్చే ఏర్పాటు ఉందా, రోజుకు ఎన్ని టన్నులు దించుకోగలరు, ప్రయోగపు సరుకుగా ఒకే ఒక్క లారీ తెచ్చినా తీసుకుంటారా అన్న మూడు ప్రశ్నలకూ కాగితం మీద జవాబు తీసుకోవాలి.

రెండో దారి పశువుల మేత. నా అభిప్రాయంలో మొదటి ఏడాది ప్రయోగానికి భరోసా ఇచ్చేది ఇదే. గుంటూరు జిల్లాలో పాడి సహకార సంఘాలకు లోటు లేదు, వడ్లమూడి డెయిరీ చుట్టుపక్కల పల్లెల్లో గేదెలు లేని ఇల్లు వెతికితేగాని దొరకదు. దుంపలో దాదాపు మూడొంతులు నీరే, మిగిలిన ఎండు పదార్థంలో ఎక్కువ భాగం చక్కెర. ముక్కలు చేసి ఎండుగడ్డితో కలిపి పెట్టవచ్చు. అయితే అలవాటు లేని గేదెకు ఒక్కసారిగా గంపెడు పెడితే కడుపులో ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. రోజుకు కిలో రెండు కిలోలతో మొదలుపెట్టి, రెండు వారాలపాటు కొద్దికొద్దిగా పెంచుతూ, పది కిలోల దగ్గర ఆపడం మేలు. ఆకులను కూడా పచ్చివిగా వేయకూడదు, వాటిలో ఆక్సాలిక్ ఆమ్లం ఉంటుంది. ఒక రోజు వాడ్చి, మితంగా, వేరే మేతతో కలిపి వేయాలి. పశువైద్యుడిని ముందుగానే సంప్రదించి, ఏ ఇంటివారు ఎన్ని గేదెలకు ఎన్ని కిలోలు తీసుకుంటారో సంతకాలతో సహా రాయించుకోవాలి.

ఇప్పుడు లెక్క చూడండి. ఎనిమిది మంది రైతులు తలా 20 సెంట్లలో వేశారనుకుందాం. మొత్తం 160 సెంట్లు, అంటే ఎకరం అరవై సెంట్లు. ఎకరానికి 20 టన్నులే వచ్చినా 32 టన్నుల దుంప చేతికొస్తుంది. అది ఒకే వారంలో వస్తే ఏ సంఘమూ సర్దుకోలేదు. మూడు విడతలుగా వస్తే విడతకు పదకొండు టన్నుల లోపు. పది కిలోల చొప్పున 50 గేదెలకు ఇరవై రోజుల మేత అంటే పది టన్నులు. మార్చి ఎండలో దుంప అన్నాళ్ళు పచ్చిగా నిలవదు కాబట్టి, వారంలో వాడలేని దానిని చీలికలు చేసి, కళ్ళంలో మిరపకాయ ఆరబోసినట్టు ఆరబోసి, గలగలలాడేదాకా ఎండబెట్టి గోతాలకెత్తాలి. పది టన్నుల పచ్చి దుంప ఎండితే రెండున్నర టన్నులకు అటూ ఇటుగా తేలుతుంది. ఇక్కడొక చిక్కు ఉంది, సరిగ్గా ఆ నెలల్లోనే మన కళ్ళాలన్నీ మిరపకాయతో ఎర్రబారి ఉంటాయి. కళ్ళం ఎవరిది, ఎన్ని రోజులకు అన్నది కూడా అక్టోబరులోనే మాట్లాడుకోవలసిన విషయం.

సంఘం ఎలా ఉండాలి

1959లో నాగపూర్ కాంగ్రెస్ సమావేశం భూములన్నీ కలిపి ఉమ్మడి సేద్యం చేయాలని తీర్మానించినప్పుడు, దానిని గట్టిగా ఎదిరించి ఆ పార్టీ నుంచి బయటికి వచ్చినవారు మన నిడుబ్రోలు రైతు నాయకుడు ఆచార్య ఎన్.జి. రంగా. అదే ఏడాది పుట్టిన స్వతంత్ర పార్టీకి ఆయనే అధ్యక్షుడు. ఆయన పేరు పెట్టుకున్న వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇప్పుడు గుంటూరు శివారు లాంలో ఉంది. ఈ చరిత్ర చెప్పడంలో ఉద్దేశం ఒక్కటే. సహకార సేద్యం అనగానే గట్లు చెరిపేస్తారన్న అనుమానం ఈ జిల్లాలో ఊరికే పుట్టింది కాదు, దానిని గౌరవించి మొదలుపెట్టిన సంఘమే నిలబడుతుంది. కాబట్టి గట్టు జోలికి పోవద్దు. ఎవరి పొలం వారిదే, ఎవరి పంట వారిదే. విత్తనం కొనడం, విత్తే తేదీ, తూకం, చక్కెర పరీక్ష, అమ్మకం, నష్టనిధి అన్న ఆరు పనులు మాత్రం ఉమ్మడి.

ఈ పని కోసం కొత్తగా సంఘాన్ని రిజిస్టరు చేయించడం నేను సలహా ఇవ్వను. 1964 సహకార సంఘాల చట్టం కింద ఉన్న ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘమో, 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదైన సంఘమో, రైతు ఉత్పత్తిదారుల కంపెనీయో ఊళ్ళో ఇప్పటికే ఉంటే, దానిలో ఒక ఉపసంఘంగా తీర్మానం రాయించుకుని విడి ఖాతా తెరిస్తే సరిపోతుంది. ఒక్క పంట కాలపు ప్రయోగం కోసం ఆడిట్లూ వార్షిక సమావేశాలూ తలకెత్తుకుంటే, రెండో ఏడాది పంట మానేసినా ఆ కాగితాల పని మానదు.

సభ్యుల్లో కౌలు రైతులు ఉండి తీరాలి. మన ప్రాంతంలో పొలం చేసేవారిలో కౌలుదార్లే పెద్ద భాగం. వారిని పక్కనపెట్టి సొంత భూమి ఉన్నవారితోనే ప్రయోగం చేస్తే ఖర్చుల పుస్తకంలో కౌలు పద్దు ఖాళీగా ఉండి, పంట లాభసాటిగా ఉన్నట్టు అబద్ధపు లెక్క వస్తుంది. సొంత భూమి ఉన్నవారు కూడా ఆ ఊరి కౌలు రేటును ఖర్చుగా రాసుకోవాలి. కౌలుదారుకు పంట సాగుదారు హక్కు పత్రం ఉందో లేదో చూసి, ప్రభుత్వ పంట నమోదు అయిన ఈ-క్రాప్‌లో చక్కెర దుంపను ఏ పేరుతో నమోదు చేయాలో రైతు సేవా కేంద్రంలో ముందే అడిగి పెట్టుకోవాలి.

నష్టనిధి నియమాన్ని విత్తడానికి ముందే రాయాలి. ప్రతి సభ్యుడూ చక్కెర దుంప పక్కనే, అదే చెక్కలో, అంటే అదే పొలం ముక్కలో, అంతే విస్తీర్ణంలో తన మామూలు పంటను వేస్తాడు. మొక్కజొన్న కావచ్చు, మినుము కావచ్చు. దుంప మీద వచ్చిన నికర ఆదాయం పక్క పంట కంటే తగ్గితే, ఆ తేడాలో సగమో మూడొంతులో నిధి నుంచి ఇవ్వాలి. మొత్తం తేడా ఇస్తామని ఒప్పుకుంటే కలుపు తీసే శ్రద్ధ సన్నగిల్లుతుంది, ఏమీ ఇవ్వకపోతే మరుసటి ఏడాది ప్రయోగానికి ఎవరూ రారు. పంట పోయాక నియమం రాస్తే మనుషులు పోతారు.

నేల ఎంపిక

అమరావతి, తాడికొండ వైపు నల్లరేగడిలో ఈ దుంప వేయవద్దని ఖండితంగా చెప్పవచ్చు. పెరుగుతుంది, కానీ మార్చిలో ఆ నేల రాయిలా బిగుసుకుని నెర్రెలు విడిచినప్పుడు దుంపను తవ్వితే సగం ముక్క లోపలే ఉండిపోతుంది, మిగతా సగానికి కిలోకు పావు మట్టి అంటుకుని వస్తుంది. కృష్ణ ఒడ్డున కొల్లిపర వైపు లంకల్లోని ఒండ్రు నేలలు, పసుపు, కంద పండే గరప నేలలు దీనికి తగినవి. పసుపు దుంప సులువుగా ఊడే నేల ఏదైనా దీనికి పనికివస్తుందన్నది మంచి గుర్తు. ఉదజని సూచిక (pH) 6.5 నుంచి 8 మధ్య ఉంటే చాలు.

చౌడు సంగతి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ పంట మనకు నిజంగా ఉపయోగపడితే అక్కడే పడుతుంది. చక్కెర దుంప మూలజాతి సముద్రపు ఒడ్డున మొలిచే మొక్క. ముదిరిన మొక్క ఉప్పును చాలా పంటలకంటే బాగా తట్టుకుంటుంది, మట్టి సారంలో లవణ సాంద్రత (విద్యుత్ వాహకతగా కొలిచేది) మీటరుకు 7 డెసీసైమన్ల వరకు దిగుబడి పెద్దగా తగ్గదు. కానీ మొలకెత్తే దశలో ఇది కూడా పసిబిడ్డే, 3 దాటితే మొలక శాతం పడిపోతుంది. అంటే బాపట్ల, నిజాంపట్నం వైపు చౌడు భూముల్లో వేయదలచినవారు అక్టోబరు వానలు పైమట్టి ఉప్పును కిందికి దించిన వెంటనే, ఆ తడి ఆరకముందే విత్తుకోవాలి. బోదె నడినెత్తిన ఉప్పు పేరుకుంటుంది కాబట్టి గింజను నెత్తిమీద కాక పక్క వాలులో పెట్టాలి. బాపట్లలో ఉప్పునీటి వాడకం మీద, చౌడు భూముల మీద పరిశోధన చేసే కేంద్రం ఏళ్ళ తరబడి పనిచేస్తున్నది, మట్టి నమూనాతో పాటు బోరు నీటి నమూనాను కూడా అక్కడ చూపించాలి.

మూడు రకాల చెక్కలను వదిలేయాలి. కిందటి పంట మొక్కజొన్నలో అట్రజిన్ అనే కలుపు మందు కొట్టిన పొలం మొదటిది. ఆ మందు నేలలో నెలల తరబడి నిలుస్తుంది, చక్కెర దుంప మొలక దానికి అసలు ఓర్చుకోలేదు. పొలం యజమాని గుర్తు లేదంటే మందుల షాపు చీటీలు తిరగేయాలి, లేదా ఆ మట్టిని కుండీలో పోసి నాలుగు గింజలు వేసి పదిహేను రోజులు చూడాలి. వేరుశెనగలో మొదలు కుళ్ళు కనిపించిన ఇసుక నేల రెండోది, అదే శిలీంధ్రం దుంపనూ కుళ్ళబెడుతుంది. వానకు మూడు రోజులైనా నీరు తీయని పల్లం మూడోది.

ఇక తెనాలి చుట్టూ ఉన్న మాగాణి మాటేమిటని అడుగుతారు. వరి కోత డిసెంబరుకు పోతుంది, అప్పుడు విత్తితే దుంప మే ఎండల్లో ఊరాలి. పగలు 30 డిగ్రీలు దాటాక చక్కెర చేరడం మందగిస్తుంది కాబట్టి దుంప బరువు ఉన్నా తీపి ఉండదు. కాలువలు కట్టేసే రోజులు కూడా అప్పటికి దగ్గరపడతాయి. వరి తర్వాత మినుము చల్లుకోవడమే ఆ నేలకు మేలు.

ప్రయోగం పరచడం

ఒక ఏడాదికి ఒక్క ప్రశ్నే పెట్టుకోవాలి. రకాలు, ఎరువు మోతాదులు, విత్తే తేదీలు మూడూ ఒకేసారి పరీక్షిస్తే చివరికి దేనివల్ల ఏం జరిగిందో తేలదు. మన వాతావరణంలో ముందు తేలవలసింది విత్తే తేదీ. అక్టోబరు ఆఖరి వారం, నవంబరు మధ్య, డిసెంబరు మొదటి వారం అని మూడు తేదీలు పెట్టుకుంటే, తుఫాను దెబ్బ ఎవరికి తగులుతుంది, ఎండ దెబ్బ ఎవరికి తగులుతుంది అన్నది కళ్ళకు కనిపిస్తుంది, కోత కూడా దానంతటదే మూడు విడతలవుతుంది.

ప్రతి రైతు తన 20 సెంట్లను మూడు ముక్కలు చేసి మూడు తేదీలూ తన పొలంలోనే వేయాలి. తేదీకి ఒక రైతును కేటాయిస్తే నేల తేడా ఏదో, తేదీ తేడా ఏదో విడదీయలేము. ఏ ముక్కకు ఏ తేదీ అన్నది చీటీలు వేసి తేల్చాలి, మెరక వైపు ముక్కను మంచి తేదీకి దాచుకోవడం మనుషుల సహజ గుణం. మధ్యలో సరిగ్గా వంద చదరపు మీటర్లు, అంటే అర మీటరు ఎడమున్న నాలుగు బోదెలు 50 మీటర్ల పొడవున, కర్రలు పాతి గుర్తుపెట్టి దానినే తూకం వేయాలి. గట్టు పక్క వరుసలకు గాలీ వెలుతురూ ఎక్కువ, వాటిని లెక్కలో కలిపితే దిగుబడి ఉబ్బిపోతుంది. ఈ వంద మీటర్లలో వచ్చిన కిలోలను పదితో భాగిస్తే హెక్టారుకు టన్నులు వస్తాయి. ఉదాహరణకు 600 కిలోలు వస్తే హెక్టారుకు 60 టన్నులు, ఎకరానికి 24 టన్నుల పైచిలుకు. నాలుగు బోదెల పొడవు చాలని చిన్న చెక్కల్లో ఎనిమిది బోదెలు 25 మీటర్ల చొప్పున తీసుకోవచ్చు.

తమిళనాడు సిఫారసుల్లో హెక్టారుకు 80 నుంచి 100 టన్నుల దిగుబడి చెబుతారు. మొదటి ఏడాది బడ్జెట్ వేసుకునేటప్పుడు అందులో సగమే రాసుకోవాలి.

విత్తనం

ఈ పంటకు విత్తనం కట్టుకోవడం మన చేతుల్లో లేదు. దుంప మొదటి ఏడాది ఊరి, చలికాలపు చలి తగిలాక రెండో ఏడాది పూతకొస్తుంది. మన పైర్లకు ఆ చలి ఎన్నటికీ తగలదు. దేశంలో విత్తనం పని హిమాలయాల్లోని ముక్తేశ్వర్ వంటి చోట్ల జరుగుతుంది, లక్నోలోని భారత చెరకు పరిశోధన సంస్థకు అక్కడ దుంప ప్రజనన కేంద్రం ఉంది. కాబట్టి విత్తనం కోసం లాం శాస్త్రవేత్తల ద్వారా లక్నో సంస్థకు జులైలోనే లేఖ పంపాలి. దొరకలేదని కూరగాయల బీట్‌రూట్ విత్తనం వేసి చూద్దామనుకోవడం వృథా, దానిలో చక్కెర ఇందులో సగం కూడా ఉండదు. గుళికగా పూత పూసిన గింజలైతే ఎకరానికి కిలోన్నర చాలు.

దుక్కి నుంచి దుంప దాకా

ఎకరానికి నాలుగైదు టన్నుల చివికిన పశువుల ఎరువు తోలి, ముక్కాలు మీటరు లోతు కాకపోయినా అడుగు లోతుకు తగ్గకుండా దున్నాలి. రోటావేటర్ ఒక్కటే తిప్పి వదిలితే కింద గట్టి పొర మిగిలి దుంప రెండు కాళ్ళుగా చీలిపోతుంది. కుళ్ళు తెగుళ్ళకు ముందు జాగ్రత్తగా ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రాన్ని వేపపిండితోనూ పశువుల ఎరువుతోనూ కలిపి పదిరోజులు మాగబెట్టి ఆఖరి దుక్కిలో చల్లాలి. బోదెలు అర మీటరు ఎడంగా తోలాలి. మన నవంబరు తుఫాన్లకు మడిలో విత్తిన చక్కెర దుంప బతకదు, బోదె, దానితో పాటు పొలం చుట్టూ మురుగు కాలువ తప్పనిసరి.

ఎరువు ఎకరానికి నత్రజని 60, భాస్వరం 30, పొటాష్ 30 కిలోలు. బస్తాల లెక్కలో చెప్పాలంటే ఆఖరి దుక్కిలో డీఏపీ 65 కిలోలు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 50 కిలోలు, యూరియా 40 కిలోలు వేసి, విత్తిన 25వ రోజున, 50వ రోజున 33 కిలోల చొప్పున యూరియా పైపాటుగా వేస్తే సరిపోతుంది. యాభై రోజుల తర్వాత యూరియా ముట్టుకోకూడదు. మన రైతు చేతికి ఇది కష్టమైన నియమమని నాకు తెలుసు, ఆకు కొంచెం పసుపు తిరిగితే బస్తా విప్పబుద్ధి పుడుతుంది. కానీ ఆలస్యంగా పడిన నత్రజని ఆకును పెంచి దుంపలో చక్కెరను తగ్గిస్తుంది, ఉన్న చక్కెరను గడ్డకట్టనివ్వని మలినాలను కూడా పెంచుతుంది. సభ్యుల్లో ఒక్కరు రహస్యంగా వేసినా ఆ చెక్క లెక్క పనికిరాకుండా పోతుంది. లేత ఆకులు నల్లబడి నడినెత్తి కుళ్ళితే అది బోరాన్ లోపం, మట్టి పరీక్షలో తక్కువని వస్తే బోరాక్స్‌ను దుక్కిలోనే వేసుకోవాలి.

గింజను 20 సెంటీమీటర్ల ఎడంగా, రెండు సెంటీమీటర్ల లోతు మించకుండా పెట్టాలి. ఇలా పెడితే ఎకరానికి 40,000 కుదుళ్ళు. పంట బతుకంతా ఈ అంకెలోనే ఉంది. నలభై వేల మొక్కలు నిలిచి దుంప సగటున 800 గ్రాములు తూగితే 32 టన్నులు, పాతిక వేలే నిలిచి 700 గ్రాములు తూగితే పదిహేడున్నర టన్నులు. అందుకే పదో రోజున ఖాళీలు పూరించి, ఇరవయ్యో రోజున కుదురుకు ఒకే మొక్క ఉంచి మిగతావి పీకేసి, ఆ రోజు మొక్కలను లెక్కపెట్టి పుస్తకంలో రాయాలి. పీకిన మొక్కను వేరేచోట నాటితే తల్లివేరు వంకర పోయి దుంప కొమ్మలు వేస్తుంది, ఖాళీలో గింజే పెట్టాలి.

మొదటి రెండు నెలలు కలుపును గెలవనీయకూడదు. 25, 50 రోజులకు కలుపు తీసి, పైపాటు వేసి, మట్టి ఎగదోయాలి. తడి పలచగా, నేల తీరును బట్టి ఎనిమిది పది రోజులకొకసారి చాలు. చెరకు తాగే నీటిలో సగం కూడా ఇది తాగదు, నీరు నిలిస్తే మాత్రం వారంలో కుళ్ళుతుంది.

పురుగుల్లో మనవైపు భయపడవలసింది పొగాకు లద్దె పురుగుకు. మిరప నుంచి, మినుము నుంచి దీనిమీదికి దిగుతుంది. గట్ల మీద ఆముదం మొక్కలు ఎరగా పెంచి, ఆకు అడుగున గుడ్ల సముదాయాలు కనిపించిన వెంటనే ఆ ఆకును తుంచి నలిపేయడం, లింగాకర్షక బుట్టలు పెట్టడం, పురుగు పెద్దదై పగలు మట్టిలో దాక్కునే దశకు వస్తే తవుడు, బెల్లం కలిపిన విషపు ఎరను సాయంత్రం చల్లడం చేయాలి. ఆకుమచ్చ తెగులు వెచ్చదనం, తేమ కలిసిన రోజుల్లో వస్తుంది. మిరపకు కొట్టి మిగిలిన మందును దీనిమీద కొట్టే అలవాటును సంఘం మొదటి సమావేశంలోనే నిషేధించాలి, ఏ మందైనా శాస్త్రవేత్త రాసి ఇచ్చిన చీటీ ప్రకారమే వాడాలి.

కోత, తూకం, తరుగు

ఐదు నెలలు దాటాక కింది ఆకులు పసుపు తిరుగుతాయి. అప్పటికి రెండు మూడు వారాల ముందే తడి ఆపాలి. నేల మరీ గట్టిపడితే తవ్వేముందు ఒక పలుచని తడి ఇవ్వవచ్చు.

కూలీల సంగతి మరిచిపోతే ఇంతా చేసి చెడగొట్టుకున్నట్టే. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఊళ్ళోని ముఠాలన్నీ మిరపకోతల్లో ఉంటాయి, ఆ కూలితో పోటీపడి దుంప తవ్వించడం ఎవరికీ గిట్టదు. ఎనిమిది కుటుంబాలూ బదులు పనికి ఒప్పుకుని, ఒక్కో విడతను రెండు రోజుల్లో ముగించేలా వంతులు వేసుకోవాలి. ఈ ఇంటి పనిని కూడా ఆనాటి కూలి రేటుకు పుస్తకంలో ఖర్చు రాయాలి. లేకపోతే మరుసటి ఏడాది ఎకరాల్లో వేసి కూలీలను పిలిచినప్పుడు లెక్క తలకిందులవుతుంది.

తవ్విన దుంపకు ఆకులు, ఆకులు పుట్టిన తల భాగం కోసేసి మట్టి దులపాలి. తలలో చక్కెర తక్కువ, మలినాలు ఎక్కువ. తవ్విన క్షణం నుంచి దుంప తన చక్కెరను తానే తింటూ ఉంటుంది, ఎండలో ఇంకా వేగంగా తింటుంది. చెట్టునీడన కుప్పవేసి దాని ఆకులే పైన కప్పి, 48 గంటల్లో కొనేవారికి చేర్చడం లేదా చీల్చి ఆరబోయడం జరగాలి.

తరుగు అన్న మాట వింటే గుంటూరు రైతుకు ఒళ్ళు మండుతుంది, అందుకు కారణాలూ ఉన్నాయి. దుంపలో మాత్రం తరుగు లేకుండా న్యాయం జరగదు, మట్టితో తూచిన వాడు లాభపడి కడిగి తెచ్చిన వాడు నష్టపోతాడు. కాబట్టి తరుగును కాటా మీది మనిషి కంటి అంచనాకు వదలకుండా కొలవాలి. ప్రతి చెక్క నుంచి కళ్ళు మూసుకుని తీసినట్టుగా పది దుంపలు తీసి, తూచి, కడిగి, తుడిచి, మళ్ళీ తూచాలి. పది కిలోలు తొమ్మిదైతే ఆ చెక్కకు తరుగు నూటికి పది. ఆ పది దుంపలనే నిలువునా చీల్చి, తురిమి, గుడ్డలో పిండి, ఆ రసం చుక్కను చేతి రిఫ్రాక్టోమీటర్ మీద వేసి బ్రిక్స్, అంటే రసంలో కరిగి ఉన్న పదార్థాల శాతం, చదవాలి. బ్రిక్స్ అంతా చక్కెర కాదు, కరిగి ఉన్న ఇతర పదార్థాలు కూడా అందులో ఉంటాయి. నూటికి 85 వంతులు చక్కెర అనుకుంటే బ్రిక్స్ 18 ఉన్న రసంలో చక్కెర సుమారు 15.3. ఇది సభ్యుల మధ్య పంపకానికి సరిపడే అంచనా మాత్రమే, కొనుగోలుదారుతో ధర తేలేది ప్రయోగశాల పరీక్షతోనే. తరుగు పోగా మిగిలిన బరువును ఈ శాతంతో గుణించి, వచ్చిన చక్కెర కిలోల నిష్పత్తిలో అమ్మకపు డబ్బు పంచాలి. పరికరం చదివేటప్పుడు ఆ చెక్క రైతు, మరో సభ్యుడు ఇద్దరూ చూసి సంతకం పెట్టాలి. ఒక్కో నమూనా తర్వాత అద్దాన్ని శుభ్రమైన నీటితో కడిగి తుడవాలి, ముందటి రసం మిగిలితే తర్వాతి రైతు దుంప ఉత్తపుణ్యానికి తియ్యగా తేలుతుంది.

మూడో విడత కోత ముగిసి లెక్కలు తేలేసరికి మే వస్తుంది. మానేయాలా కొనసాగించాలా అన్నది ఆ సమావేశపు ఉత్సాహం మీదో నిరాశ మీదో వదలకూడదు. ఎనిమిది చెక్కల్లో ఎన్నింటిలో దుంప పక్క పంటను దాటితే రెండో ఏడాదికి వెళ్ళాలి అన్న అంకెను అక్టోబరు తీర్మానంలోనే రాసి ఉంచుకోవాలి. నేనైతే ఐదు అంటాను. కొనసాగిస్తే రెండో ఏడాది చెక్కలు మారాలి. దుంప వేసిన నేలకు మూడేళ్ళ దాకా మళ్ళీ దుంప రాకూడదు, నేలలోని కుళ్ళు శిలీంధ్రాలూ నులిపురుగులూ అలా అయితేనే అణగుతాయి. అందుకే ప్రతి చెక్క సర్వే నంబరు, హద్దులు, కోత తేదీ పుస్తకంలో రాసి, మిగిలిన ఆకును అక్కడే దున్నేసి, తొలకరి పదునుకు జీలుగ చల్లుకోవాలి.